పాలపళ్లు పుచ్చకుండా ఇంట్లో ఏం చేయాలి: మొదటి పన్ను నుంచి ఆరేళ్ల దాకా

"పాలపళ్లేగా, ఎట్టా ఊడిపోయేవే. వాటికింత హడావిడి దేనికమ్మా?" నెల్లూరులో పిల్లల పంటి డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే చాలు, ఈ మాట వినబడుతుంది. అనేది ఎక్కువగా అవ్వలు. వాళ్ల మాటలో సగం నిజమే. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. కానీ వెనక దవడ పాలపళ్లు పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చేదాకా ఉండాలి. అవి మూడేళ్లకే పుచ్చితే, ఇంకో ఏడెనిమిదేళ్లు ఆ పిల్లాడు వాటితోనే నమలాలి, ఆ నొప్పితోనే నిద్రపోవాలి. వేరు కింద చీము పడితే అక్కడ తయారవుతున్న అసలు పన్ను దెబ్బతినొచ్చు. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, తర్వాత వచ్చే పన్ను ఎగుడుదిగుడుగా రావొచ్చు.

నన్నడిగితే, పిల్లల పళ్ల గురించి తల్లిదండ్రులు తేల్చుకోవాల్సినవి ప్రధానంగా రెండు. తీపి రోజుకు ఎన్నిసార్లు నోట్లోకి పోతోంది? రాత్రి నిద్రపోయే ముందు ఆఖరున పళ్లకు తగిలింది ఏమిటి? ఎంత తీపి తిన్నాడన్నది వీటి తర్వాతే. ఎందుకో తెలియాలంటే నోట్లో ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

నోట్లో పాలు తోడుకున్నట్టే

పాలలో చెంచాడు తోడు వేస్తే పొద్దుటికి పెరుగవుతుంది. అందులోని సూక్ష్మజీవులు పాలలో చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం విడుస్తాయి. నోట్లోనూ అంతే. పంటి మీద పేరుకునే పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా ఉంటుంది. క్లార్క్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పుచ్చుపళ్లలోంచి దాన్ని వేరుచేసి 1924లోనే వివరించాడు. దీనికి రెండు విద్యలు తెలుసు. ఒకటి, చక్కెరను ఆమ్లంగా మార్చడం. రెండోది, అదే చక్కెరతో బంకలాంటి పదార్థం తయారుచేసి పంటికి గట్టిగా అతుక్కోవడం. అందుకే పాచి పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే పోతుంది.

దీనికి తోడుబోయినవి ఇంకా ఉన్నాయి. లాక్టోబాసిల్లస్ జాతి, స్కార్డోవియా విగ్సియే అనే మరో బాక్టీరియా, కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్టు కూడా పళ్లు బాగా పుచ్చిన పసిపిల్లల నోళ్లలో కనబడతాయి. మ్యూటాన్స్, కాండిడా ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. కాబట్టి ఒక్క క్రిమిని చంపితే పని అయిపోదు. మంచివీ చెడ్డవీ నోట్లో ఎప్పుడూ ఉంటాయి, మాటిమాటికీ చక్కెర అందితే ఆమ్లాన్ని తట్టుకునేవే బలిసి మిగతావాటిని పక్కకు నెడతాయి.

తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది దాదాపు 5.5 కంటే కిందికి దిగితే పంటి పైనున్న గట్టి పొర ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట. స్టీఫన్ అనే పరిశోధకుడు 1940ల్లో దీన్ని కొలిచి చూపించాడు. ఆ తర్వాత లాలాజలం నెమ్మదిగా కాల్షియాన్ని తెచ్చి పంటికి తిరిగి అతికిస్తుంది. కరగడం, అతకడం రోజంతా సాగుతూనే ఉంటాయి. అతకడానికి ఖాళీ సమయం దొరకని నోట్లోనే పళ్లు పుచ్చుతాయి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనక రాత్రి ఆ ఖాళీ సమయం కూడా పనికిరాకుండా పోతుంది. పైగా పాలపళ్ల ఎనామిల్ పెద్ద పళ్లదానికంటే పలచన. పుచ్చడం మొదలైతే నెలల్లోనే లోపలికి దిగుతుంది.

మొదటి పని: పెదవి ఎత్తి చూడండి

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర. బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పై పెదవిని బొటనవేలితో నెమ్మదిగా పైకెత్తండి. మెత్తటి శుభ్రమైన బట్టతో ముందు పళ్లను తుడిచి, తడి ఆరనివ్వండి. తడి మీద చూస్తే ఏదీ కనబడదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

చిగురును ఆనుకుని పన్ను పైభాగంలో సున్నం గీత గీసినట్టు తెల్లగా, మెరుపు లేకుండా ఒక పట్టీ కనబడుతుందేమో చూడండి. అదే పుచ్చుకు తొలిమెట్టు. నొప్పి ఉండదు, గుంట ఉండదు. ఈ దశలో పట్టుకుంటే డ్రిల్లింగు లేకుండా వెనక్కు మళ్లించొచ్చు. పసుపు, గోధుమ రంగు తిరిగి గరుకుగా, గుంటగా మారితే డాక్టరు చేయి పడాల్సిందే.

పసిపిల్లల్లో ముందు పుచ్చేవి పైవరస ముందు పళ్లు. కింది ముందు పళ్లు తరచు బాగానే ఉంటాయి. పాలసీసా తాగేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పేస్తుంది, అక్కడే లాలాజల గ్రంథి ఊరుతూ ఉంటుంది. పై పళ్లు మాత్రం పాలలో నానుతాయి. పైవరస పుచ్చి కిందివరస తెల్లగా ఉందంటే రాత్రి సీసా మీద అనుమానపడాల్సిందే.

నల్లగా ఉన్నదంతా పుచ్చు కాదు. ఏఎన్ఎమ్ ఇచ్చే ఐరన్ సిరప్ వల్ల పళ్ల మీద నల్లటి చార పడుతుంది. అది పైపైన రంగు, పన్ను నునుపుగానే ఉంటుంది. దాన్ని చూసి సిరప్ మానేస్తే రక్తహీనత బిడ్డను పట్టుకుంటుంది. నాలుక వెనక్కు పోసి, తర్వాత నీళ్లు తాగించండి.

నెలకోసారి ఇలా చూడటం చాలు. మొదటి పన్ను ఆరో నెల ప్రాంతంలో వస్తుంది, మూడేళ్ల లోపు ఇరవై పూర్తవుతాయి.

రెండో పని: ఒక రోజు మొత్తం కాగితం మీద రాయండి

ఇది చేయమంటే అందరూ నవ్వుతారు. "మావాడు తీపి ముట్టనే ముట్టడు" అంటారు. రాశాక చూడాలి. మూడేళ్ల పిల్లాడి రోజు ఒకటి ఊహించుకుందాం, మన వీధుల్లో చూసేదే. ఆరున్నరకు లేవగానే చక్కెర కలిపిన పాలు. ఎనిమిదికి ఇడ్లీ. తొమ్మిదింటికి నాయన టీలో ముంచిన బిస్కెట్. పదకొండుకు ఏడుపు ఆపడానికి జ్యూస్ ప్యాకెట్. మధ్యాహ్నం పప్పన్నం. రెండింటికి సీసా పాలతో నిద్ర. నాలుగింటికి మాల్టు పొడి కలిపిన పాలు, రస్కు. ఐదింటికి కొట్టుకు పోతే చాక్లెట్. ఆరున్నరకు తాత జేబులోంచి లాలీపాప్. ఎనిమిదికి అన్నం. తొమ్మిదిన్నరకు సీసా. రాత్రి రెండింటికి లేచి ఏడిస్తే మళ్లీ సీసా.

తీపి తొమ్మిదిసార్లు తగిలింది. ఒక్కోసారికి అరగంటే అనుకున్నా నాలుగున్నర గంటలు, గంట చొప్పున వేస్తే తొమ్మిది గంటలు ఆ పళ్లు ఆమ్లంలో ఉన్నాయి. రాత్రి సీసాలు రెండూ దానికంటే ఎక్కువసేపే. ఇంత జరిగినా ఆ ఇంట్లో ఎవరూ "తీపి పెట్టాం" అనుకోరు, ఎందుకంటే లడ్డూ, జిలేబీ లాంటి మిఠాయి ఒక్కటీ లేదు.

ఇప్పుడు మార్చాల్సింది తీపి మొత్తాన్ని ఒక్కరోజులో ఆపేయడం కాదు. భోజనం, టిఫిను కలిపి మూడు, మధ్యలో రెండు. అంతే, మిగతా సమయంలో నీళ్లు. రెండు తినడాల మధ్య రెండు, మూడు గంటల ఎడం. చాక్లెట్ ఇవ్వాలంటే అన్నం తినగానే ఇచ్చేయండి, లాలాజలం అప్పుడు బాగా ఊరుతుంటుంది. నెల్లూరు మలై కాజా తెచ్చిన రోజున భోజనం అవగానే ఒకటి తినిపించి పెట్టె మూసేయండి. ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ కాస్త కాస్త కొరికించడమే ముప్పు. ఉలవపాడు మామిడిపండు కూడా అంతే, ముక్కగా, అన్నంతో పాటు. జ్యూస్ చేసి సీసాలో పోయొద్దు.

బెల్లం, తేనె, పటికబెల్లం మంచివని కలుపుతారు. ఆ సూక్ష్మజీవులకు తేడా తెలియదు. బిడ్డ చప్పరించే రబ్బరు పీకకు తేనె రాయడం మరీ ప్రమాదం, ఏడాది లోపు బిడ్డకు తేనెతో బోటులిజం అనే విషవ్యాధి రావొచ్చు, పళ్ల సంగతి అటుంచి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో చక్కెర కలిసే ఉంటుంది. మంచి ఆహారమే, పెట్టండి, కానీ పైన ఇంకో చెంచా చక్కెర వేయొద్దు. అది పెట్టాక రెండు గుక్కల నీళ్లు తాగించండి.

బిస్కెట్లు, కుర్కురేలు తీపి కంటే మేలనుకుంటారు. ఉడికిన పిండి దవడ పళ్ల గాడుల్లో ముద్దలా ఇరుక్కుని చాలాసేపు కరగదు, నోట్లోనే చక్కెరగా మారుతుంది. వాటి బదులు ఉడకబెట్టిన గుడ్డు, పెరుగన్నం, పలచటి మజ్జిగ, నలిపిన ఉడికించిన శనగలు, పలచగా కోసిన జామ. పల్లీలు గింజలుగా నాలుగేళ్ల లోపు వాళ్లకు పెట్టొద్దు, గొంతులో పడతాయి.

దగ్గు మందు, పారాసిటమాల్ సిరప్‌ల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. రాత్రి ఇవ్వాల్సి వస్తే బ్రష్ చేయకముందే ఇవ్వండి.

మూడో పని: రాత్రి సీసా మాన్పించడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ ఇదే. సీసా లాగేసుకుంటే ఆ రాత్రి ఇల్లంతా జాగారం. ఒక పద్ధతి చెబుతాను. మొదటి రెండు రాత్రులు చక్కెర మానేసి ఉత్త పాలు. తర్వాత రెండు రాత్రులు ముప్పావు వంతు పాలు, పావు వంతు నీళ్లు. తర్వాత సగం సగం. ఇలా వారం, పది రోజుల్లో సీసాలో నీళ్లే మిగులుతాయి, అప్పుడు దాని మీద మోజు దానంతట అదే తగ్గుతుంది. పలచన చేసేది నిద్రకు పోయే ముందు పాలనే, అది కూడా ఏడాది దాటిన బిడ్డకే. పగలు తాగే పాలలో నీళ్లు కలపొద్దు. ఏడాది నుంచే పగలు గ్లాసుతో తాగడం అలవాటు చేస్తే ఈ యుద్ధం తప్పుతుంది.

అవ్వా తాతల్ని ముందే కలుపుకోవాలి. మీరు సగం నీళ్లదాకా తెచ్చిన రోజునే "బిడ్డ ఏడస్తా ఉంటే నీ మనసెట్టా ఒప్పిందే" అని ఇంకో గదిలో చక్కెర సీసా తయారవుతుంది. వాళ్లను కోప్పడితే పని కాదు. పెదవి ఎత్తి ఆ తెల్లగీత వాళ్లకే చూపించండి.

తల్లిపాల మాట వేరు. మొదటి ఏడాది తల్లిపాలు బిడ్డ పళ్లకు హాని చేయవు. ఆ తర్వాత, పళ్లు వచ్చాక, రాత్రంతా పాలు పట్టుకుని నిద్రపోయే అలవాటు ఉంటే పుచ్చు అవకాశం పెరుగుతుంది. దానికి పాలు మానేయనక్కర్లేదు, రెండేళ్ల దాకా ఇవ్వమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పడుకునే ముందు పళ్లు తోమి, బిడ్డకు నిద్ర పట్టాక రొమ్ము విడిపించి, పగలు తీపి తగ్గిస్తే సరిపోతుంది.

నాలుగో పని: బ్రష్ మీ చేతిలో ఉండాలి

"వాడే తోముకుంటాడు" అనే మాట ఏడెనిమిదేళ్ల వరకు చెల్లదు. బూటు లేసు సొంతంగా కట్టుకోగలిగిన రోజున బ్రష్ చేతికివ్వొచ్చు. అప్పటిదాకా వాడు ఒక నిమిషం ఆడుకుంటాడు, తర్వాత మీరు తోమాలి.

ఏడాదిన్నర బిడ్డకు ఇద్దరు మనుషులైతే హాయి. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్లు ఆనించుకుని కూర్చోండి. బిడ్డ కాళ్లు ఒకరి నడుము వైపు, తల ఇంకొకరి ఒళ్లో. తల పట్టుకున్నవాళ్లు తోముతారు, రెండోవాళ్లు చేతులు పట్టుకుని పాట పాడతారు. ఒక్కరే ఉంటే బిడ్డ వెనక నిలబడి, తలను మీ పొట్టకు ఆనించుకుని, ఎడమచేతి వేలితో బుగ్గ పక్కకు లాగి తోమండి. ఏడుస్తూ నోరు తెరిస్తే ఇంకా మంచిది, వెనక పళ్లు బాగా కనబడతాయి.

బ్రష్ తల చిన్నదిగా, కుచ్చు మెత్తగా ఉండాలి. చిగురు, పన్ను కలిసే గీత దగ్గర చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. తర్వాత దవడ పళ్ల గాడులు. మొత్తం రెండు నిమిషాలు. పొద్దున, రాత్రి. రెండింట్లో ఒక్కటే కుదురుతుందంటే రాత్రిదే ఉంచుకోండి, మన ఇళ్లలో అది తలకిందులుగా ఉంది. తోమాక నీళ్లు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. వెనక పళ్లు ఒకదానికొకటి ఆనుకున్నాక మధ్యలో దారంతో శుభ్రం చేయడం నేర్చుకుంటే మంచిది.

వేపపుల్ల, పళ్లపొడి, బొగ్గు, ఉప్పు పసిపిల్లలకు వద్దు. గరుకుగా ఉండి పలచటి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పైగా వాటిలో పళ్లను కాపాడే ఫ్లోరైడ్ ఉండదు.

పేస్టు ఎంత

మొదటి పన్ను వచ్చిన రోజు నుంచి మూడేళ్ల దాకా బియ్యపు గింజంత. మొలగొలుకుల వరి పండించిన జిల్లావాళ్లకు గింజ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు, కానీ ప్రకటనల్లో బ్రష్ నిండా అలలా పరిచిన పేస్టు చూసి చూసి మర్చిపోయాం. మూడు నుంచి ఆరేళ్లకు బఠాణీ గింజంత. తోమాక ఉమ్మిస్తే చాలు, గ్లాసుడు నీళ్లతో పుక్కిలించొద్దు. మిగిలిన కాస్త ఫ్లోరైడ్ పంటి మీద పనిచేయనివ్వండి.

ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీపీఎం (పది లక్షల వంతుల్లో ఫ్లోరైడ్ ఎన్ని వంతులో) చూడండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నిబంధన. పిల్లల బొమ్మలున్న ట్యూబుల్లో చాలావాటిలో దానికి సగమే ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. పుచ్చు ఆపాలంటే 1000 దగ్గరగా ఉన్నదే మేలు, గింజంత పరిమాణంలో. ట్యూబు మాత్రం బిడ్డకు అందే ఎత్తులో పెట్టొద్దు, స్ట్రాబెర్రీ వాసన ఉన్నది మరీను.

కనిగిరి వైపు వాళ్లకు

కనిగిరి, పామూరు ప్రాంతాల్లోనూ, నెల్లూరు మెట్టలో ఉదయగిరి, వరికుంటపాడు వైపూ "మా నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది, ఇంకా పేస్టులో కూడానా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అక్కడి చాలా బోర్లలో అది దాటింది.

పళ్ల మీద మచ్చలు, గుంటలు పడే ఫ్లోరోసిస్ కడుపులోకి ఎక్కువగా పోయిన ఫ్లోరైడ్‌తో వస్తుంది, చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులో. పేస్టు పంటి పైన పనిచేస్తుంది. లెక్క వేసి చూద్దాం. బియ్యపు గింజంత పేస్టు బరువు సుమారు 0.1 గ్రాము. 1000 పీపీఎం అయితే అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మొత్తం మింగేసినా, లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు 50 మిల్లీలీటర్లు, అంటే అర టీ గ్లాసు తాగినంత. కాబట్టి ముందు మార్చాల్సింది నీళ్లు. బిడ్డ తాగేవి, వంటకు వాడేవి, పాలపొడి కలిపేవి మూడూ శుద్ధిచేసిన నీళ్లై ఉండాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పేస్టు గింజంతే, పెద్దవాళ్ల పర్యవేక్షణలో. ఫ్లోరైడ్ చుక్కలు, మాత్రలు ఆ ప్రాంతంలో ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగేవాళ్లకు పళ్లు పుచ్చవన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. ఫ్లోరోసిస్ ముదిరి గుంటలు పడ్డ ఎనామిల్ పుచ్చుకు సులువుగా లొంగుతుంది.

ఎంగిలి సంగతి

పుట్టిన బిడ్డ నోట్లోకి ఈ క్రిములు ఎక్కడినుంచి వస్తాయి? ఎక్కువగా తల్లినుంచి, ఇంట్లో బిడ్డను ఎత్తుకునేవాళ్లనుంచి. ఒకే చెంచాతో రుచి చూసి తినిపించడం, పీక కిందపడితే తమ నోట్లో పెట్టుకుని తుడిచి ఇవ్వడం, నమిలిన ముద్ద పెట్టడం దారులు. మ్యూటాన్స్ ఎక్కువగా ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య స్థిరపడుతుందని 1993లో అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. తర్వాతి పరిశోధనల్లో పళ్లు రాకముందే పసినోళ్లలో కూడా అది కనబడింది.

దీన్నిబట్టి ముద్దులు పెట్టొద్దని, అవ్వ గోరుముద్దలు మాన్పించాలని చెప్పేవాళ్లున్నారు. నాకైతే అది అతి. చెంచా వేరు చేయండి, పీకను నీళ్లతో కడగండి, అంతే. అంతకంటే ఎక్కువ మేలు చేసేది తల్లి నోరు బాగుచేసుకోవడం. గర్భంతో ఉన్నప్పుడే పిప్పిపళ్లకు వైద్యం చేయించుకుంటే బిడ్డకు అందే ఈ క్రిముల తోడు పలచబడుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి, నొప్పి లేకపోయినా. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పళ్లు కూడా చూడాలి. ఆ రోజున టీచరమ్మకు చెప్పి ప్రత్యేకంగా చూపించండి. డెంటల్ కాలేజీల్లో పిల్లల పళ్లకే వేరే విభాగం ఉంటుంది, నెల్లూరు చింతారెడ్డిపాలెంలోని నారాయణ కాలేజీ లాంటి చోట్ల. ఒంగోలు వాళ్లకు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ ఉంది.

తెల్లగీత దశలో ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. నిమిషాల పని, నొప్పి లేదు, మూడు నుంచి ఆరు నెలలకోసారి. గుంట పడ్డా బిడ్డ కుదురుగా కూర్చోలేని వయసైతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు రాసి పుచ్చును అక్కడే ఆపుతారు. పుచ్చిన చోటు నల్లబడిపోతుంది, శాశ్వతంగా. ముందే అడిగి తెలుసుకుంటే ఇంటికొచ్చాక గొడవ ఉండదు. నరం దాకా పోతే పంటి వేరుకు వైద్యం (రూట్ కెనాల్ లాంటిది), పైన స్టీలు తొడుగు. పన్ను పీకాల్సి వస్తే ఖాళీ మూసుకుపోకుండా పెట్టే తీగ గురించి అడగండి.

చెవిలో పసరు పోసి పంటి పురుగులు తీస్తామని సంతలో కూర్చునేవాళ్లు చేతిలో దాచుకున్నవే చూపిస్తారు, పంట్లో పురుగు ఉండదు. లవంగ నూనె పసిబిడ్డ చిగుళ్లకు పూయొద్దు, మంట పుట్టి బొబ్బెక్కుతుంది.

బుగ్గ వాచి జ్వరం వస్తే, వాపు కంటి కిందికో మెడకిందికో పాకుతుంటే, నోరు తెరవలేకపోతే, మింగడానికి ఇబ్బందిపడితే తెల్లారేదాకా ఆగొద్దు. యాంటీబయాటిక్ సిరప్ మెడికల్ షాపులో అడిగి పోయకుండా ఆ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డ బరువెంతో, అంతకుముందు ఏ మందు ఏ గంటకు పోశారో కాగితం మీద రాసుకుని వెంట పట్టుకెళ్లండి.